డ్యాక్ కొనేటప్పుడు చిప్ పేరు ఆఖర్న చూడాలి

ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్ బాగానే పనిచేస్తుంటుంది, స్పీకర్లకూ ఏ లోటూ ఉండదు. పాట మాత్రం ఇప్పుడు క్యాసెట్‌లోనో సీడీలోనో లేదు. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, టీవీలో ఉంది. చాలా కొత్త టీవీల వెనక ఎరుపు తెలుపు ఆడియో ఔట్ సాకెట్లు తీసేశారు. చాలా ఫోన్లకు హెడ్‌ఫోన్ జాక్ కూడా పోయింది. అంకెల రూపంలో ఉన్న సంగీతాన్ని యాంప్లిఫయర్‌కు పనికొచ్చే వోల్టేజీగా మార్చే పెట్టె కావాలి. అదే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, వాడుకలో డ్యాక్.

కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేది లోపల ఈ మార్పిడి చేసే చిప్ పేరు. ఈఎస్ఎస్ సేబర్, ఏకేఎం, సిరస్ లాజిక్ అంటూ నంబర్లు, పక్కనే 768 కిలోహెర్ట్జ్, 32 బిట్ అన్న అంకెలు ఉంటాయి. విజయవాడలోనో గుంటూరులోనో ఒక మామూలు ఇంట్లో ఆ డ్యాక్ మీద వచ్చే ఫిర్యాదులను చిప్ తీర్చదు. గుయ్‌మనే హమ్, టీవీ పెడితే మౌనం, వాల్యూమ్ కొంచెం తిప్పగానే హోరు, కరెంటు పోయి వచ్చాక స్పీకర్లు అదిరిపడటం: వీటికి కారణాలు సాకెట్లలో, అడాప్టర్‌లో, ఎర్త్‌లో, పెట్టె నడవడికలో ఉంటాయి. ఎంపిక అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

చిప్ ఎందుకు అంత ముఖ్యం కాదో ఒక లెక్కతో తేలిపోతుంది. డ్యాక్ పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తుందనీ, దాని సొంత రొద అంతకన్నా 100 డెసిబెల్స్ కింద ఉందనీ అనుకుందాం. ఈ రోజుల్లో ఇది మధ్యరకం పెట్టె కూడా సులువుగా అందుకునే అంకె. అప్పుడు రొద 20 మైక్రోవోల్టులు. యాంప్లిఫయర్ దాన్ని 20 రెట్లు పెంచితే 0.4 మిల్లీవోల్టు అవుతుంది. 2.83 వోల్టులకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ మీద ఆ 0.4 మిల్లీవోల్టు 11 డెసిబెల్స్ మాత్రమే. పైన ఫ్యాన్ తిరుగుతున్న గదిలో నిశ్శబ్దం అనుకునేదే 40 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఈ 100ను 120 చేసినంత మాత్రాన చెవికి అందేది ఏమీ లేదు.

వినే సంగీతాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. సీడీ నాణ్యత అంటే ఒక్కో కొలతకు 16 బిట్లు, సెకనుకు 44,100 కొలతలు (44.1 కిలోహెర్ట్జ్), సుమారు 96 డెసిబెల్స్ పరిధి. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి వచ్చిన భక్తిరంజని రికార్డింగులూ, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు లాంటివారి పాత కచేరీలూ మాగ్నెటిక్ టేపు మీద నుంచి డిజిటల్‌లోకి ఎక్కినవి. మామూలు టేపులో పాటకూ వెనక వినిపించే సుయ్‌మనే రొదకూ మధ్య తేడా 60 డెసిబెల్స్ అటూ ఇటూగా ఉంటుంది. ఆ గొంతుల్లోని నిండుదనం బాగా వినాలంటే 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా సమంగా, రెండు చానెళ్లూ ఒకే స్థాయిలో, హమ్ లేకుండా పంపే డ్యాక్ చాలు. హమ్ లేకుండా అన్నదే ఇక్కడ కష్టమైన షరతు.

ముందు తేల్చుకోవాల్సింది

విడిగా డ్యాక్ అవసరమా కాదా అన్నది కొనక ముందే తేల్చుకోవాలి. సౌండ్‌బార్‌లోనూ, హోమ్ థియేటర్ రిసీవర్‌లోనూ, యూఎస్‌బీ లేదా ఆప్టికల్ (వెలుగు రూపంలో శబ్దం వచ్చే) సాకెట్ ఉన్న పవర్డ్ స్పీకర్లలోనూ డ్యాక్ లోపలే ఉంటుంది. బయట ఇంకొకటి పెట్టి అనలాగ్ తీగతో కలిపితే చాలా రిసీవర్లు ఆ అనలాగ్‌ను మళ్లీ డిజిటల్‌గా మార్చి, లోపలి డ్యాక్‌తో తిరిగి అనలాగ్ చేస్తాయి. డైరెక్ట్ లేదా ప్యూర్ డైరెక్ట్ మోడ్‌లో పెడితే తప్ప ఈ రెండో మార్పిడి ఆగదు. అలాంటి చోట కొత్త డ్యాక్ మీద పెట్టిన డబ్బు వృథా. ఎరుపు తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు మాత్రమే ఉన్న పాత స్టీరియో యాంప్లిఫయర్, స్థానికంగా చేయించుకున్న అసెంబుల్డ్ యాంప్లిఫయర్, అనలాగ్ స్టూడియో స్పీకర్లు: డ్యాక్ నిజంగా పనికొచ్చేది వీటికి. ఫోన్‌కు హెడ్‌ఫోన్ ఒక్కటే అవసరమైతే ఫోన్ సాకెట్‌కు గుచ్చే చిన్న డాంగిల్ సరిపోతుంది, పెట్టె అక్కర్లేదు.

లోపలికి వచ్చే దారులు

ఇంట్లో ఏమేం కలపాలో కాగితం మీద రాసుకుని, దానికి ఒక సాకెట్ ఎక్కువ ఉన్న డ్యాక్ తీసుకోవడం మంచిది. మామూలుగా కావాల్సినవి ఒక యూఎస్‌బీ, ఒకటి లేదా రెండు ఆప్టికల్, ఒక కోయాక్సియల్ (రాగి తీగ మీద డిజిటల్ శబ్దం వచ్చే సాకెట్). బ్లూటూత్ ఉంటే ఇంటికొచ్చినవాళ్లు తమ ఫోన్లో పాట పెట్టడానికి వీలు. ఐఫోన్ బ్లూటూత్‌లో ఏఏసీ అనే కుదింపు పద్ధతిని దాటి వెళ్లదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎల్‌డాక్ అనే ఇంకో పద్ధతి ఉంటే సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, సిగ్నల్ బలహీనపడితే 330కి దిగుతుంది.

యూఎస్‌బీలో చూడాల్సినవి రెండు. ఒకటి, అది అసింక్రనస్ పద్ధతిలో పనిచేయాలి. అంటే గడియారం డ్యాక్‌దే, కంప్యూటర్ దాని వేగానికి తగ్గట్టు డేటా పంపాలి. ఇప్పుడు పేరున్న పెట్టెలన్నీ ఇలాగే ఉన్నాయి కాబట్టి జిట్టర్ (గడియారం లయ తప్పడం) గురించి ఇక బెంగ అక్కర్లేదు. రెండోది డ్రైవర్. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 (ఎక్కువ రేట్లకు పనికొచ్చే ప్రమాణం) పరికరాలను విండోస్ 10 తన 2017 నాటి 1703 వెర్షన్ నుంచి సొంత డ్రైవర్‌తోనే గుర్తిస్తుంది. మ్యాక్, లినక్స్ అంతకు ముందు నుంచే గుర్తిస్తున్నాయి. కంపెనీ డ్రైవర్ వేస్తే తప్ప పనిచేయని పెట్టెను వదిలేయడం నయం, ఆ కంపెనీ డ్రైవర్‌ను కొత్త విండోస్‌కు మార్చడం మానేసిన రోజు పెట్టె మూలన పడుతుంది.

ఫోన్ నుంచి వినేవారికి ఇంకో సంగతి. ఆండ్రాయిడ్ మామూలుగా అన్ని యాప్‌ల శబ్దాన్నీ కలిపి ఒకే రేటుకు, ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్‌కు, మార్చి పంపుతుంది. పాట 44.1లో ఉన్నా డ్యాక్ తెర మీద 48 కనిపించడం అందుకే, అది డ్యాక్ లోపం కాదు. ఉన్నది ఉన్నట్టు పంపే ఏర్పాటు ఆండ్రాయిడ్ 14లో వచ్చింది కానీ యాప్ దాన్ని వాడుకుంటేనే ఫలితం. యూఎస్‌బీ సాకెట్ పక్కనే విడిగా పవర్ సాకెట్ ఉన్న డ్యాక్ అయితే ఫోన్ బ్యాటరీని తాగేయదు.

ఇక టీవీ. ఆప్టికల్ తీగ పెట్టాక పాట రాకపోయినా, గరగరమని రొద మాత్రమే వచ్చినా తొంభై పాళ్లు కారణం ఒకటే: టీవీ శబ్దాన్ని డాల్బీ డిజిటల్ రూపంలో కుదించి పంపుతోంది, స్టీరియో డ్యాక్‌కు పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) తప్ప ఇంకేదీ అర్థం కాదు. టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో డిజిటల్ ఔట్‌పుట్ ఫార్మాట్‌కు వెళ్లి, ఆటో అని ఉన్నదాన్ని పీసీఎంగా మార్చాలి. సెట్‌టాప్ బాక్స్ నుంచి నేరుగా ఆప్టికల్ తీస్తుంటే ఆ బాక్స్ మెనూలోనూ ఇదే మార్పు చేయాలి. టీవీ ఒక్కటి మార్చి, బాక్స్ సంగతి మరిచిపోయి, డ్యాక్ పాడైందని తిప్పి పంపేవారు చాలామంది ఉన్నారు.

ఆప్టికల్‌తో వచ్చే చిక్కు వాల్యూమ్. చాలా టీవీల్లో ఆప్టికల్ స్థాయి స్థిరంగా ఉంటుంది, టీవీ రిమోట్‌తో తగ్గదు. ఇంట్లో పెద్దవాళ్లు రెండు రిమోట్లు పట్టుకుని తంటాలు పడకుండా ఉండాలంటే హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దం హెచ్‌డీఎంఐ తీగలోనే బయటికి వచ్చే ఏర్పాటు) ఉన్న డ్యాక్ చూసుకోవాలి. ఆర్క్‌తో టీవీ రిమోటే డ్యాక్ వాల్యూమ్‌ను తిప్పుతుంది, టీవీ ఆన్ చేస్తే డ్యాక్ కూడా లేస్తుంది. టీవీ ముఖ్యంగా ఉన్న హాల్లో ఈ ఒక్క సాకెట్‌కు చిప్ మార్పు కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి.

బయటికి వెళ్లే వోల్టేజీ

సీడీ ప్లేయర్ల కాలం నుంచి ఆర్‌సీఏ ఔట్‌పుట్‌కు వాడుకలో స్థిరపడిన స్థాయి 2 వోల్టులు, మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ బ్యాలెన్స్‌డ్‌కు 4 వోల్టులు. ఇది ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 50 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ 20 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అది 20 రెట్లు పెంచేదైతే లోపలికి 1 వోల్టు వస్తేనే నిండిపోతుంది. ఆపైన వచ్చేదంతా నాబ్‌ను ఎడమవైపు మూలన కట్టిపడేయడానికే.

ఆ మూలలోనే ఇబ్బంది. మామూలు రకం వాల్యూమ్ నాబ్‌లో ఎడమ, కుడి చానెళ్ల ట్రాకులు అడుగు భాగంలో సరిగ్గా కలవవు. గడియారం ముల్లు 8 దగ్గర ఉన్నట్టుగా నాబ్ ఉంటే గొంతు ఒక పక్కకు జారిపోతుంది, 10 దాటాక మధ్యకు వస్తుంది. స్థానికంగా చేసిన అసెంబుల్డ్ యాంప్లిఫయర్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటిలో చాలావరకు టేప్‌రికార్డర్, రేడియో స్థాయికి తగ్గట్టు అరవోల్టుకే నిండిపోయేలా చేసినవి. బాస్, ట్రెబుల్ బోర్డు వాల్యూమ్‌కు ముందు ఉంటే మరీ కష్టం. 2 వోల్టుల అల ఆ బోర్డులో పట్టక అంచులు తెగిపోయి, వాల్యూమ్ ఎంత తగ్గించినా గొంతు బొంగురుగానే వస్తుంది.

దీనికి డ్యాక్‌లో కావాల్సింది ఔట్‌పుట్ స్థాయిని తగ్గించే వీలు. వేరియబుల్ ఔట్‌పుట్ గానీ, 1 వోల్టు, 2 వోల్టుల మధ్య మార్చుకునే సెట్టింగ్ గానీ ఉండాలి. అది లేని డ్యాక్ ఇప్పటికే ఇంట్లో ఉంటే రెండు రెసిస్టర్లతో పని అవుతుంది. ఒక్కో చానెల్‌కు సిగ్నల్ దారిలో వరసగా 6.8 కిలో ఓమ్, దాని తర్వాత సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 3.3 కిలో ఓమ్. పావు వాట్, 1 శాతం మెటల్ ఫిల్మ్ రకం తీసుకోవాలి. వీటిని యాంప్లిఫయర్ లోపల ఇన్‌పుట్ సాకెట్ దగ్గరే సోల్డర్ చేయాలి. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్ అనుకుంటే స్థాయి సుమారు 10 డెసిబెల్స్ తగ్గి, 2 వోల్టులు 0.62 వోల్టు దగ్గరకు వస్తుంది. నాబ్ మధ్యకు వస్తుంది, గొంతు తేటపడుతుంది.

డిజిటల్ వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు పోతాయన్న భయం చాలామందిలో ఉంది. ప్రతి 6 డెసిబెల్స్‌కు ఒక బిట్ తగ్గుతుందన్నది నిజమే. కానీ 16 బిట్ పాటను 24 బిట్ డ్యాక్‌లో 30 డెసిబెల్స్ తగ్గిస్తే పోయే 5 బిట్లు ఖాళీగా ఉన్న 8 బిట్ల చోటులోకే జారతాయి. 115 డెసిబెల్స్ పరిధి ఉన్న డ్యాక్‌లో అప్పటికీ 85 మిగిలి ఉంటుంది. అంతకన్నా కిందికి, 50, 60 డెసిబెల్స్ తగ్గించి వినాల్సి వస్తుంటే మాత్రం యాంప్లిఫయర్ గెయిన్ (పెంచే రెట్లు) ఎక్కువైందని అర్థం, పైన చెప్పిన రెసిస్టర్లే దారి.

కొంచెం తగ్గించి ఉంచడం వల్ల లాభం కూడా ఉంది. ఇటీవలి సినిమా పాటలను చెవులదిరేలా గరిష్ఠ స్థాయికి తోసి మాస్టరింగ్ చేస్తున్నారు. రెండు శాంపిళ్ల (పాటలోంచి తీసిన కొలతల) మధ్య అలను డ్యాక్ తిరిగి గీసేటప్పుడు అది గరిష్ఠాన్ని దాటిపోతుంది, కొన్ని డ్యాక్‌లు అక్కడ తెగ్గొట్టేస్తాయి. డిజిటల్ వాల్యూమ్‌ను 3 డెసిబెల్స్ తగ్గించి పెడితే దాదాపుగా ఆ ప్రమాదం పోతుంది.

హెడ్‌ఫోన్ సాకెట్ కూడా ఉంటే దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (ఓమ్‌లలో చెప్పే అడ్డు) హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు, 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 2.

హమ్ ఎక్కణ్నుంచి వస్తుంది

మన ఇళ్లలో డ్యాక్ మీద తరచూ వచ్చే ఫిర్యాదు ఇదే, కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి. ల్యాప్‌టాప్ మూడు పిన్నుల ఛార్జర్‌తో గోడకు, యాంప్లిఫయర్ మూడు పిన్నులతో ఇంకో గోడకు, మధ్యలో యూఎస్‌బీ, ఆర్‌సీఏ తీగలు. ఎర్త్ రెండు దారుల్లో కలిసి ఒక వలయం ఏర్పడింది. రెండు ప్లగ్గుల ఎర్త్‌ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా ఆ కరెంటు ఆర్‌సీఏ తీగ బయటి తొడుగు గుండా పారుతుంది. ఆ తొడుగే పాటకూ గ్రౌండ్ కాబట్టి 50, 100 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం పాటలో కలుస్తుంది. మౌస్ కదిపినప్పుడు కిర్రుమంటే అదే దారిలో కంప్యూటర్ రొద వస్తోందని గుర్తు.

టీవీ వైపు నుంచి వచ్చేది కేబుల్ తీగ. పాత కేబుల్ టీవీ తీగ రాగిది, దాని బయటి తొడుగు వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టిన యాంప్లిఫయర్ దాకా వెళ్తుంది, సెట్‌టాప్ బాక్స్ ద్వారా టీవీకి, టీవీ నుంచి మన యాంప్లిఫయర్‌కు అతుకుతుంది. ఫైబర్ నెట్ కనెక్షన్లో ఇంటికొచ్చేది గాజు తీగ, దానిలో కరెంటు రాదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక వరస ఉంది. యాంప్లిఫయర్‌కు ఏ తీగా లేకుండా వాల్యూమ్ పెంచి వినాలి. అప్పుడే హమ్ ఉంటే రోగం యాంప్లిఫయర్‌దే. తర్వాత అన్నీ ఆపి డ్యాక్‌ను ఆర్‌సీఏతో కలిపి, డ్యాక్‌కు ఏ ఇన్‌పుట్టూ ఇవ్వకుండా వినాలి. తర్వాత ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ కలపాలి. ఆ తర్వాత ఛార్జర్ పెట్టాలి. చివరికి టీవీ, దానికి సెట్‌టాప్ బాక్స్, దానికి కేబుల్ తీగ. ఏ మెట్టు దగ్గర శబ్దం మొదలైతే అదే దోషి. ప్రతి మెట్టు దగ్గరా ముందు పవర్ ఆపాలి. ఆర్‌సీఏ ప్లగ్‌లో మధ్య పిన్ను ముందు తాకుతుంది, గ్రౌండ్ తర్వాత తాకుతుంది. పవర్ ఉండగా గుచ్చితే ఆ క్షణంలో పెద్ద శబ్దం వచ్చి స్పీకర్ కాయిల్ పోవచ్చు.

మందు చాలాసార్లు చిన్నదే. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి ఇస్తే ఎర్త్ వలయం కురచవుతుంది. అది చాలకపోతే ఆప్టికల్, దానిలో వెలుగే వెళ్తుంది కాబట్టి వలయం తెగిపోతుంది. డ్యాక్‌లో కనీసం ఒక ఆప్టికల్ తప్పనిసరి అనడానికి ఇదే పెద్ద కారణం. యూఎస్‌బీ వాడక తప్పకపోతే డేటాను పోనిచ్చి ఎర్త్ దారిని తెంపే యూఎస్‌బీ ఐసొలేటర్ ఉంది. చవకవి సెకనుకు 12 మెగాబిట్ల వేగానికే ఆగిపోతాయి, దానితో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకానే, అదీ డ్యాక్ పాత ప్రమాణమైన క్లాస్ 1లో పనిచేయగలిగితేనే. ఆర్‌సీఏ తీగ మధ్యలో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్లు హమ్‌ను ఆపుతాయి కానీ చవక రకం అయితే మృదంగం అడుగు శబ్దాన్ని కూడా తినేస్తాయి.

హమ్ ఆపడానికి మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, టేపు చుట్టడం చేయకూడదు. హమ్ ఆగుతుంది, నిజమే. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయిన రోజున యాంప్లిఫయర్ ఒంటి మీద 230 వోల్టులు ఉంటాయి, ఫ్యూజు కొట్టేయడానికి దారి ఉండదు.

ఎర్త్ సరిగ్గా ఉందో లేదో మల్టీమీటర్‌తో ఏసీ రేంజ్‌లో చూడొచ్చు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2, 3 వోల్టుల లోపు రావాలి. అంతకన్నా బాగా ఎక్కువ చూపిస్తే డ్యాక్ మార్చి లాభం లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు బారి ఎర్త్ కడ్డీ నుంచి విడిపోతుంది. విజయవాడలో కొండవార రాతినేల మీద కట్టిన ఇళ్లలో నేలే కరెంటును సరిగ్గా తీసుకోదు. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలని పాతవాళ్లు చెప్పేది ఇందుకే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రమే హమ్ వచ్చే ఇంట్లో ముందు ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడాలి.

రెండు పిన్నుల అడాప్టర్‌తో నడిచే డ్యాక్ లోహపు పెట్టె మీద టెస్టర్ పెడితే సన్నగా వెలగడం, చేత్తో రాస్తే జిల్లుమనడం కూడా ఇక్కడే చెప్పాలి. అడాప్టర్ లోపల రొద అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ నుంచి లీకయ్యే మైక్రోఆంపియర్లు అవి. ఎర్త్ ఉన్న యాంప్లిఫయర్‌కు కలపగానే పోతుంది. పేరు లేని అడాప్టర్ అయితే మాత్రం నమ్మకూడదు, బీఐఎస్ రిజిస్ట్రేషన్ ముద్ర ఉన్నదే వాడాలి. చెప్పిన వోల్టేజీ, పిన్ను కొలత, ధన రుణాలు మూడూ సరిపోలాలి.

గుయ్‌మనడం కాకుండా జుర్రుమనే శబ్దం, అదీ ఫ్యాన్ 2 లేదా 3 మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తే దోషి ఫ్యాన్ రెగ్యులేటర్. నాబ్ నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ప్రతి అలనూ మధ్యలో కోసి ఫ్యాన్‌కు ఇస్తుంది, ఆ కోతే రొద. టక్ టక్‌మని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటర్ వేస్తే పోతుంది. వేల రూపాయలు పెట్టి తెచ్చిన తీగలతో పోనిది ఈ చిన్న మార్పుతో పోతుంది.

కరెంటు పోయి వచ్చాక

స్పెసిఫికేషన్ కాగితం మీద కనిపించని, మన దగ్గర చాలా అవసరమైన గుణం ఇది. డ్యాక్‌నే వాల్యూమ్ కంట్రోల్‌గా వాడి నేరుగా పవర్ యాంప్లిఫయర్‌కు కలిపినప్పుడు, కరెంటు పోయి వస్తే అది పాత వాల్యూమ్‌ను గుర్తుంచుకోవాలి, లేదా తక్కువ స్థాయిలో మొదలవ్వాలి. పూర్తి స్థాయిలో లేచే డ్యాక్ స్పీకర్‌కు శత్రువు. పాత ఇన్‌పుట్ కూడా గుర్తుండాలి, లేకపోతే ప్రతి కోతకూ యూఎస్‌బీ నుంచి ఆప్టికల్‌కు మార్చుకుంటూ కూర్చోవాలి. ఔట్‌పుట్‌లో మ్యూట్ రిలే (కాసేపు శబ్దాన్ని ఆపి ఉంచే స్విచ్) ఉంటే ఆన్, ఆఫ్ అప్పుడు టప్ మనే శబ్దం యాంప్లిఫయర్‌కు చేరదు. డ్యాక్ ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకు లోపల చిన్నగా టిక్ అని వినిపిస్తే అది రిలే.

ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ఇంకో తేడా. యూపీఎస్ మోడ్‌లో మార్పిడి 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల అవుతుంది, మామూలు మోడ్‌లో ఇంకా ఎక్కువ. ఆ వ్యవధిని అడాప్టర్ తట్టుకోలేకపోతే డ్యాక్ రీసెట్ అయి పాట ఆగుతుంది. ముందు ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను యూపీఎస్ వైపు పెట్టి చూడాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డ్యాక్, యాంప్లిఫయర్ రెండూ గుర్రుమంటాయి. స్విచ్చింగ్ అడాప్టర్‌తో నడిచే డ్యాక్ దీన్ని పట్టించుకోదు. లీనియర్ పవర్ సప్లై (ట్రాన్స్‌ఫార్మర్ రకం) కోసం ఎక్కువ డబ్బు పెట్టాలనుకునేవారు ఇంట్లో ఇన్వర్టర్ సైన్ వేవ్‌దో కాదో ముందు చూసుకోవాలి.

వేడి సంగతి కూడా ఇందులోదే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడే లెక్క. మే నెల విజయవాడలో ఏసీ లేని గదిలో, యాంప్లిఫయర్ నెత్తిన పెట్టిన డ్యాక్ రెండు వైపుల నుంచీ వేడెక్కుతుంది. దాన్ని పక్కన పెట్టాలి, పైన కాదు. పెద్ద చిల్లులున్న పెట్టెలోకి చీమలు, బల్లిపిల్లలు దూరతాయి. ఒళ్లంతా అల్యూమినియంతో మూసి ఉన్న పెట్టె మన ఊళ్లకు నయం.

గది, ఈక్వలైజర్

చిప్ కన్నా వంద రెట్లు వినిపించే తేడా గదిది. మన పడకగదులు చాలావరకు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, పైకప్పు 10 అడుగుల ఎత్తు. కింద పలకలు, చుట్టూ సిమెంటు గోడలు. 12 అడుగులకు సరిపోయే అనునాదం (గోడల మధ్య ఒక స్వరం ఉబ్బిపోవడం) 48 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగులకు 57 దగ్గర వస్తుంది. వెడల్పూ ఎత్తూ ఒకటే కాబట్టి 57 దగ్గర రెండు అనునాదాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొన్ని బేస్ గిటార్ స్వరాలు గదంతా గుమ్మని మోగి, పక్క స్వరాలు వినపడకుండా పోవడం ఇందువల్లే.

డ్యాక్‌లో పారామెట్రిక్ ఈక్వలైజర్ (ఎంచుకున్న హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని తగ్గించే, పెంచే ఏర్పాటు) ఉంటే దీనికి నేరుగా మందు వేయొచ్చు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కొలత మైకు ఉంటే వినే కుర్చీ దగ్గర కొలిచి, గ్రాఫ్‌లో ఎక్కడ గుట్ట లేచిందో చూసి, అక్కడ 5, 6 డెసిబెల్స్ తగ్గించాలి. వెడల్పును తెలిపే క్యూ విలువ 4 దగ్గర మొదలుపెట్టి కొలుస్తూ సవరించాలి. గుట్టలనే తగ్గించాలి, గుంతలను పూడ్చడానికి పెంచకూడదు. గుంత అంటే రెండు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోటు, ఎంత పోసినా నిండదు, యాంప్లిఫయర్ మాత్రం అలసిపోతుంది. 5 నుంచి 10 బ్యాండ్లున్న ఈక్వలైజర్ చాలు, అది ఆప్టికల్, ఆర్క్ ఇన్‌పుట్లకు కూడా పనిచేస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. కొన్నిటిలో యూఎస్‌బీకి మాత్రమే.

డబ్బు పెట్టనక్కర్లేనివి

డీఎస్‌డీ (ఒక బిట్ రికార్డింగ్ పద్ధతి), 768 కిలోహెర్ట్జ్ లాంటివాటిలో దొరికే తెలుగు సంగీతం లేదనే చెప్పాలి. ఎంక్యూఏ (పాటను కుదించే ఒక పద్ధతి) ముద్రకు ఎక్కువ ఇవ్వడం దండగ. ఆ కంపెనీ 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, దాన్ని మోసిన పాటల స్ట్రీమింగ్ సేవ టైడల్ 2024లో ఫ్లాక్ అనే నష్టం లేని పద్ధతికి మారిపోయింది. డ్యాక్ మెనూలో కనిపించే ఆరేడు రకాల డిజిటల్ ఫిల్టర్ల మధ్య తేడా 20 కిలోహెర్ట్జ్ అంచున, నడివయసు చెవులకు అందని చోట ఉంటుంది. మొదటిది పెట్టి వదిలేయొచ్చు.

తిప్పి పంపే గడువులో

కొన్న వారంలోనే కొన్ని పరీక్షలు చేసేయాలి. వాల్యూమ్‌ను 40 డెసిబెల్స్ తగ్గించి, పాట ఆపి, గోడ దగ్గర స్విచ్ తీసి 10 సెకన్ల తర్వాత వేసి, అది ఏ స్థాయిలో లేచిందో తెర మీద చూడాలి. ఆ సమయంలో యాంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండాలి. టీవీని పీసీఎంలో పెట్టి గంటసేపు వదిలి, మధ్యలో తెగుతోందేమో గమనించాలి. శబ్దం కొంచెం కొంచెంగా తెగుతుంటే ముందు ఆప్టికల్ తీగ మార్చాలి, గట్టిగా మడిచిన తీగలో వెలుగు సరిగ్గా సాగదు.

రెండు చానెళ్లూ సమమో కాదో మల్టీమీటర్ చెబుతుంది. యాంప్లిఫయర్ తీగ తీసేసి, 100 హెర్ట్జ్ టోన్‌ను పూర్తి స్థాయిలో వినిపించి, ఆర్‌సీఏ మధ్య పిన్నుకూ బయటి వలయానికీ మధ్య ఏసీ వోల్టేజీ చూడాలి. 1000 హెర్ట్జ్ వద్దు, చవక మీటర్లు అక్కడ తప్పు చూపిస్తాయి. ఎడమ 2.00 అయితే కుడి 1.98 నుంచి 2.02 మధ్య ఉండాలి, అంటే 0.1 డెసిబెల్ తేడా.

పాత డ్యాక్‌తో కొత్తదాన్ని పోల్చేవారికి కూడా ఇదే కొలత అవసరం. ఒకటి 2.0, ఇంకొకటి 2.2 వోల్టులు ఇస్తుంటే రెండోది దాదాపు 0.8 డెసిబెల్ ఎక్కువ. అది ఎక్కువ శబ్దంగా అనిపించదు, నిండుగా, స్పష్టంగా అనిపిస్తుంది. ఎక్కువ ఉన్నదాన్ని దాని వాల్యూమ్‌తో 1 శాతం లోపు తేడాకు దింపి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత మార్పిస్తూ వినాలి. తంబుర మీద ఒకే గొంతు పాడే ఆలాపన దీనికి అనువైనది, వెనక రొద ఉన్నా, గొంతు పక్కకు జరిగినా అందులో దాగదు. అప్పుడు కూడా తేడా గుర్తుపట్టలేకపోతే, ఆర్క్, ఈక్వలైజర్, రిమోట్, వారంటీ ఏ పెట్టెకు బాగున్నాయో దాన్ని ఉంచుకుని రెండోది గడువులోపు వెనక్కి పంపేయొచ్చు.